రాజకీయ స్వేచ్ఛ, న్యాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్వేచ్ఛ, స్వాతంత్ర్యం రెండూ ఒకటేనా?

వాడుకలో ఒకదానికి బదులు మరొకటి వాడుతూనే ఉంటాము గానీ, ఆ రెండు మాటల పుట్టుక వేరు. స్వ, ఇచ్ఛ కలిస్తే స్వేచ్ఛ, అంటే తన ఇష్టం మేరకు నడవడం. స్వాతంత్ర్యంలో ఉన్నది తంత్రం, అంటే నిర్వహణ, అదుపు. ఆ అదుపు తన చేతిలో ఉన్నవాడు స్వతంత్రుడు, ఇతరుల చేతిలో ఉన్నవాడు పరతంత్రుడు. ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్న మనిషి కూడా పరతంత్రుడై ఉండవచ్చునన్న సంగతి ఈ రెండో మాటలో ఇమిడి ఉంది. కింది జవాబుల్లో చాలా భాగం ఆ సంగతి చుట్టూనే తిరుగుతాయి.

దేశానికి స్వాతంత్ర్యం వస్తే పౌరుడికి రాజకీయ స్వేచ్ఛ వచ్చినట్టే కదా?

రాదు. పరాయి పాలన పోవడం ఒక షరతు మాత్రమే. భారత రాజ్యాంగం 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. విచారణ లేకుండా మనిషిని నిర్బంధించడానికి వీలిచ్చే ముందస్తు నిర్బంధ చట్టాన్ని పార్లమెంటు ఆ మరుసటి నెలలోనే చేసింది. ఆ చట్టం కింద మద్రాసు ప్రభుత్వం నిర్బంధించిన కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకు వెళితే, అదే సంవత్సరం మే నెలలో న్యాయస్థానం మెజారిటీ తీర్పుతో చట్టంలోని ప్రధాన భాగాన్ని నిలబెట్టింది. దేశం స్వతంత్రమైన తరువాత కూడా పౌరుడి స్వేచ్ఛ గురించి విడిగా పోట్లాడవలసి వచ్చిందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

నన్నెవరూ అడ్డుకోనప్పుడు నాకు స్వేచ్ఛ ఉన్నట్టే కదా?

ఆధునిక కాలంలో ఎక్కువమంది మనసులో ఉన్న నిర్వచనం ఇదే. దీనికి స్పష్టమైన రూపం ఇచ్చినవాడు ఐజయా బెర్లిన్. 1958 అక్టోబర్ 31న ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి స్వీకరిస్తూ చేసిన ఉపన్యాసంలో ఆయన స్వేచ్ఛను రెండుగా విడదీశాడు. ఇతరులు జోక్యం చేసుకోకుండా నేను మసలుకోగల మేర ఎంత అన్న ప్రశ్నకు జవాబు నకారాత్మక స్వేచ్ఛ. నన్ను నడిపించేది ఎవరు, నేనేనా మరొకరా అన్న ప్రశ్నకు జవాబు సకారాత్మక స్వేచ్ఛ. బెర్లిన్ రెండోదాన్ని చూసి భయపడ్డాడు. నీకు నిజంగా ఏది మేలో నీకంటే మాకే బాగా తెలుసు, కాబట్టి నీ చేత అది చేయించడం నిన్ను విముక్తుణ్ణి చేయడమే అని పార్టీలూ ప్రభుత్వాలూ వాదించడానికి అది దారి తీస్తుందని ఆయన భయం. రష్యాలో విప్లవాన్ని బాల్యంలోనే కళ్ళారా చూసినవాడికి ఆ భయం ఉండడంలో వింత లేదు.

పరీక్షలకు చదివే విద్యార్థులు ఈ రెండు పేర్లనూ పట్టికలా కంఠస్థం చేసి అక్కడితో ఆగిపోతారు. అసలు చిక్కు మొదలయ్యేది అక్కడే.

మంచి దొర చేతికింద బతికే మనిషికి స్వేచ్ఛ ఉన్నట్టా, లేనట్టా?

నిజాం పాలనలోని తెలంగాణను తీసుకుందాము. ఊరి కుమ్మరి దొర గడీకి, అంటే కోటలాంటి ఇంటికి, కుండలు ఊరికే ఇవ్వాలి, చాకలి ఊరికే బట్టలుతకాలి, దొర ఊరికి ప్రయాణమైతే బండి ముందు పరుగెత్తవలసినవాళ్ళు పరుగెత్తాలి. దాని పేరు వెట్టి. ఇప్పుడు ఒక ఊళ్ళో దొర మెత్తనివాడనుకుందాము. అతను ఎవరినీ కొట్టడు, ఏ ఇంటికీ కబురు పంపడు, పండుగకు ధాన్యం కూడా పెడతాడు. ఎవరూ అడ్డుకోకపోవడమే స్వేచ్ఛ అయితే ఆ ఊరివాళ్ళందరూ స్వేచ్ఛాజీవులే. అయినా వాళ్ళు ఆ గడీ ముందు నుంచి వెళుతూ చెప్పులు చేతబట్టుకుంటారు, ఎదురుపడితే ‘బాంచన్ దొరా, కాల్మొక్త’ అంటారు. ఎందుకంటే దొర మనసు రేపు మారవచ్చు, మారితే అడిగే నాథుడు లేడు. ఈ రోజు దెబ్బ పడకపోవడం వాళ్ళ హక్కు కాదు, ఆయన దయ.

రాజకీయ తత్వవేత్త ఫిలిప్ పెటిట్ 1997లోనూ, చరిత్రకారుడు క్వెంటిన్ స్కిన్నర్ ఆ మరుసటి సంవత్సరమూ పుస్తకాలుగా వెలువరించిన వాదం సరిగ్గా ఈ చోటే నిలుస్తుంది. వాళ్ళ ఉదాహరణ పురాతన రోమ్‌లోని బానిస. యజమాని ఎంత దయామయుడైనా బానిస బానిసే. కాబట్టి స్వేచ్ఛ అంటే జోక్యం లేకపోవడం కాదు, అడిగే దిక్కులేని అధికారం మన మీద ఎవరికీ లేకపోవడం. దీన్ని ఆధిపత్యరాహిత్యం అనవచ్చు. వెట్టిని చూసినవాళ్ళకూ, పెద్దల నోట విన్నవాళ్ళకూ ఈ సిద్ధాంతం కొత్తగా అనిపించదని నా అభిప్రాయం. రోమ్ దాకా పోనక్కరలేదు.

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలోని ‘న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి’ అనే పాదాన్ని కూడా ఈ కోణం నుంచి చదవాలి. బాల్యంలో తండ్రి, యౌవనంలో భర్త, వార్ధక్యంలో కొడుకు రక్షిస్తారని ఆ శ్లోకం చెబుతుంది. ‘అందులో తప్పేముంది, రక్షించమనే కదా’ అని సమర్థించేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. రక్షణ దొరుకుతుందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ రక్షణ ఎవరి చేతిలో ఉందో వాళ్ళను నిలదీసే వీలు ఆమెకు ఉందా అన్నది ప్రశ్న. శ్లోకం వాడిన మాట స్వేచ్ఛ కాదు, స్వాతంత్ర్యం. కాదన్నది ఏమిటో దానికి కచ్చితంగా తెలుసు.

అలాగైతే చట్టం కూడా అధికారమే కదా? అదీ స్వేచ్ఛను హరించేదేనా?

ఇంగ్లీషు తత్వవేత్తలు హాబ్స్, బెంథామ్‌ల వరుసలో ఆలోచిస్తే ప్రతి చట్టమూ కొంత స్వేచ్ఛను కోసివేస్తుంది. దానివల్ల వచ్చే లాభం ఆ నష్టాన్ని మించితే చాలు. మరో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ దీన్ని ఒప్పుకోలేదు. చట్టం లేని చోట స్వేచ్ఛ కూడా ఉండదని ఆయన వాదన. పెటిట్ వర్గం లాక్ వైపే మొగ్గుతుంది, అయితే ఆ చట్టం చేసినవాళ్ళను జనం ప్రశ్నించగలగాలి, దించగలగాలి అన్న షరతు మీద.

పోలీసులు ఊరికే కనిపెట్టి చూస్తుంటే స్వేచ్ఛకు వచ్చే నష్టమేమిటి?

ఈ ప్రశ్నకు మన దేశంలో అందిన గట్టి జవాబు ఒక తెలుగు న్యాయమూర్తిది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ అనే వ్యక్తిని ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలివేశారు. అయినా పోలీసులు అతని పేర హిస్టరీ షీట్ తెరిచి, అతను ఎక్కడికి వెళుతున్నాడో, ఎవరిని కలుస్తున్నాడో రాసుకుంటూ వచ్చారు. రాత్రిళ్ళు చౌకీదారూ కానిస్టేబుళ్ళూ వచ్చి తలుపు కొట్టి, కేకలేసి, నిద్ర లేపి, ఇంట్లో ఉన్నాడో లేడో చూసి వెళ్ళేవారు. ఊరు దాటాలంటే ముందుగా చెప్పాలి.

1962 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పులో మెజారిటీ, రాత్రి పూట ఇంటికి వచ్చి లేపడం చెల్లదని కొట్టివేసింది గానీ, మిగిలిన నిఘాను ఉండనిచ్చింది. వెంట నడిచినంత మాత్రాన అతని కదలికకు అడ్డు తగిలినట్టు కాదనీ, గోపనీయత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదనీ చెప్పింది. బెర్లిన్ మొదటి నిర్వచనాన్ని ఇరుకుగా చదివితే వచ్చే ఫలితం ఇదే. దారికి అడ్డంగా ఎవరూ నిలబడలేదు కదా మరి!

రాజమండ్రిలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్ళిన కోకా సుబ్బారావు దీనితో విభేదించారు, జస్టిస్ జె.సి. షా ఆయనతో ఏకీభవించారు. నీడలా వెంటాడే చూపుల మధ్య నడిచేవాడి కాళ్ళు కదలవచ్చు, కానీ ఆ కదలిక స్వేచ్ఛ కాదని, మనసు మీద పడే కట్టడి కూడా కట్టడేనని, నిఘాకు వీలిచ్చిన మొత్తం నిబంధనే రాజ్యాంగ విరుద్ధమని ఆయన తర్కం. ఆ మైనారిటీ అభిప్రాయం యాభై నాలుగేళ్ళకు పైగా నిరీక్షించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోపనీయతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించినప్పుడు, సుబ్బారావు చెప్పినదే సరైనదని అంగీకరించింది.

సిద్ధాంతం పేరు ఎత్తకుండానే ఆధిపత్యరాహిత్యం గురించి ఒకరు ఇంత స్పష్టంగా రాయడం అరుదు. నేరం రుజువు కాని మనిషి పక్కకు తిరిగి చూసుకుంటూ మాట్లాడవలసి వస్తే, అతను ఏ సభకు వెళతాడు, ఎవరికి వ్యతిరేకంగా నోరు విప్పుతాడు? గోపనీయత కేవలం వ్యక్తిగత సౌకర్యం కాదు, రాజకీయ స్వేచ్ఛకు పునాది అని ఆ తీర్పు చదివితే అర్థమవుతుంది.

న్యాయం అంటే కోర్టు ఇచ్చేదేనా?

తత్వశాస్త్రంలో ఆ మాట ఇంకా విస్తారమైనది. పదవులూ సంపదా గౌరవమూ ఎవరికెంత దక్కాలో చెప్పే పంపిణీ న్యాయాన్ని, జరిగిన నష్టాన్ని సరిచేసే దిద్దుబాటు న్యాయాన్ని అరిస్టాటిల్ వేరుచేసి చూపాడు. కోర్టు మెట్లెక్కి అడిగేది ఎక్కువగా రెండోది. రాజకీయ తత్వశాస్త్రం తలబద్దలు కొట్టుకునేది మొదటిదాని గురించి.

అమర్త్య సేన్ 2009 నాటి గ్రంథంలో నీతి, న్యాయం అనే రెండు సంస్కృత పదాలను తీసుకుని, నీతి అంటే నియమాలూ సంస్థలూ సవ్యంగా ఉండడమనీ, న్యాయం అంటే మనుషుల బతుకుల్లో వాస్తవంగా జరిగేదనీ విడదీశాడు. తెలుగులో నీతి అనగానే శతక పద్యాలూ మంచి నడవడీ గుర్తుకొస్తాయి కాబట్టి మన పాఠకుడు ఇక్కడ తడబడతాడు. మత్స్యన్యాయం అనే మాటతో మొదలుపెడితే సులువు. చెరువులో నియమాలు ఎంత చక్కగా రాసి ఉన్నా, పెద్ద చేప చిన్న చేపను మింగుతూనే ఉంటే న్యాయం జరగనట్టే.

రాల్స్ స్వేచ్ఛకు మొదటి స్థానం ఎందుకిచ్చాడు?

అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో ప్రతిపాదించిన ఆలోచనా ప్రయోగం చాలామందికి తెలిసినదే. ఏ కులంలో, ఏ ఇంట్లో, ఏ శక్తులతో పుడతామో తెలియకుండా, అజ్ఞానపు తెర వెనుక కూర్చుని సమాజానికి నియమాలు ఎంచుకోమంటే ఏవి ఎంచుకుంటాము? ముందుగా అందరికీ సమానమైన మౌలిక స్వేచ్ఛలనూ, ఆ తరువాత అవకాశాల్లో న్యాయమైన సమానత్వాన్నీ, అట్టడుగున ఉన్నవాళ్ళకు వీలైనంత మేలు చేసే మేరకే అసమానతలు ఉండాలన్న సూత్రాన్నీ ఎంచుకుంటామని ఆయన జవాబు. మొదటిదాన్ని రెండోదాని కోసం అమ్ముకోకూడదు. పథకం ఇస్తాము, ప్రశ్నించడం మానుకో అనే బేరం రాల్స్ లెక్కలో చెల్లదు. తెర వెనుక ఉన్నవాడికి తాను రేపు ప్రశ్నించవలసిన మైనారిటీలో పుడతాడేమో తెలియదు గనుక.

మన దేశంలో ఆ తెరను ఊహించుకోవడం తేలిక, ఒప్పుకోవడం కష్టం. ఫలానా ఇంట్లో పుట్టడం పూర్వజన్మ సుకృతమని నమ్మేవాడికి పుట్టుక కేవలం యాదృచ్ఛికమన్న మాట మింగుడుపడదు.

ఒకరి ఆస్తి తీసి ఇంకొకరికి పంచడం స్వేచ్ఛను హరించడం కాదా?

మరో అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో రాల్స్ మీద చేసిన దాడి సారాంశం ఇదే. ప్రేక్షకులు ఇష్టపూర్వకంగా టికెట్ కొని ఒక బాస్కెట్‌బాల్ ఆటగాణ్ణి కోటీశ్వరుణ్ణి చేస్తే, అక్కడ అన్యాయం ఎక్కడ జరిగిందని ఆయన అడిగాడు. ఆస్తి న్యాయంగా చేతికి వచ్చి, న్యాయంగా చేతులు మారితే చాలు. చివరికి పంపిణీ ఎలా ఉన్నా రాజ్యానికి పని లేదు.

అయితే నోజిక్‌ను ఉటంకించేవాళ్ళు ఆయన మూడో సూత్రాన్ని తరచూ మరచిపోతారు. మొదట చేతికి రావడంలోనే అన్యాయం ఉంటే దాన్ని సరిదిద్దాలి. ఈ సూత్రాన్ని ఏజెన్సీ ప్రాంతానికి తీసుకువెళ్ళి చూడండి. వన్ ఆఫ్ సెవెంటీగా జనం నోట నిలిచిన 1970 నాటి సవరణ నిబంధన ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల పేరుకు మారకూడదు. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని, కాదని రుజువయ్యేదాకా చట్టం భావిస్తుంది. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది. అలాంటి ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో సమత కేసులో తేల్చింది.

ఈ చట్టం గిరిజనుడి స్వేచ్ఛను కూడా తగ్గిస్తుంది కదా, తన భూమిని తనకు నచ్చినవాడికి అమ్ముకోలేడు కదా అని కొందరు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే, బ్యాంకు అప్పు దగ్గర ఆ ఇబ్బంది కనిపిస్తూనే ఉంటుంది. కానీ ఉప్పుకూ బట్టకూ అప్పు పెట్టి, వడ్డీ లెక్క అర్థం కాని మనిషి వేలిముద్రతో ఎకరాలు రాయించుకున్న చరిత్ర ఉన్న చోట, అమ్ముకునే స్వేచ్ఛ ఎవరికి ఉపయోగపడిందో చూడకుండా జవాబు చెప్పలేము. కట్టడి ఉంది, నిజమే. అది షావుకారు ఆధిపత్యానికి వేసిన కట్టడి అని నేను చదువుకుంటాను.

తక్కువ కూలికి మనిషి తానే ఒప్పుకుంటే బలవంతం ఎక్కడుంది?

1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో కట్టడాలు లేస్తున్నప్పుడు కూలీలకు కనీస వేతనం దక్కడం లేదని పి.యు.డి.ఆర్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టుకు లేఖ రాసింది. జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పు రాజకీయ తత్వశాస్త్ర తరగతిలో పాఠంగా చెప్పదగినది. ఆకలీ పేదరికమూ మనిషిని ఒప్పించినప్పుడు ఆ ఒప్పుకోలు వెనుక ఉన్నది కూడా బలవంతమేననీ, కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకునే పని రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరి కిందికే వస్తుందనీ ఆయన తేల్చాడు. కత్తి చూపినవాడు లేడు గనుక స్వేచ్ఛ ఉన్నట్టే అన్న వాదనకు ఇంతకంటే సూటి సమాధానం నాకు కనిపించలేదు.

ఓటుంటే రాజకీయ స్వేచ్ఛ ఉన్నట్టేనా? ఏకగ్రీవ ఎన్నికలు మంచివి కావా?

1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఆస్తితోనూ చదువుతోనూ నిమిత్తం లేకుండా సుమారు 17 కోట్ల మందికి ఓటు ఇవ్వడం చిన్న విషయం కాదు. అయితే రాజకీయ స్వేచ్ఛలకు కాగితం మీది విలువ చాలదనీ, డబ్బూ హోదా ఎలా ఉన్నా పదవికి పోటీపడి ఫలితాన్ని ప్రభావితం చేసే అవకాశం అందరికీ దాదాపు సమానంగా ఉండాలనీ రాల్స్ అంటాడు.

మన పంచాయతీ ఎన్నికల్లో రచ్చబండ దగ్గర సర్పంచ్ పదవిని వేలం పాడడం కొత్త కాదు. ఎక్కువ పాడినవాడు గుడికో బడికో ఆ సొమ్ము ఇస్తాడు, మిగిలినవాళ్ళు నామినేషన్లు వేయరు, ఊరు ఏకగ్రీవమవుతుంది, ప్రభుత్వం ప్రోత్సాహక నిధులు కూడా ఇస్తుంది. ఊళ్ళో గొడవలు లేవు, ఖర్చు లేదు, గుడికి గోపురం వచ్చింది అంటారు. పోటీ చేయాలనుకున్న కూలి కుటుంబపు మనిషి ఆ రాత్రి ఏమి విన్నాడో, నామినేషన్ ఎందుకు వేయలేదో ఎవరూ రాసిపెట్టరు. మనస్ఫూర్తిగా కుదిరిన ఏకాభిప్రాయాన్ని తప్పుపట్టనక్కరలేదు. కానీ కాదనగలిగే వీలున్న చోటనే అవునన్న మాటకు విలువ.

మహిళలకు రిజర్వు చేసిన స్థానంలో భర్త కుర్చీ వేసుకుని సంతకం ఎక్కడ పెట్టాలో చూపించడం కూడా ఇదే జబ్బుకు మరో లక్షణం. అలాగని రిజర్వేషన్ వృథా అనడం తొందరపాటు. రెండోసారి గెలిచిన మహిళా సర్పంచ్ దగ్గర ఆ కుర్చీ కాస్త వెనక్కి జరిగి ఉండడం చూసినవాళ్ళున్నారు.

దేశానికి ఆపద వచ్చినప్పుడు స్వేచ్ఛను కొంతకాలం పక్కన పెట్టడం న్యాయమే కదా?

1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా అత్యవసర పరిస్థితిలో జరిగింది ఇదే. నిర్బంధంలో ఉన్నవాళ్ళు కోర్టుకు వెళ్ళవచ్చునా అన్న ప్రశ్న మీద 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నాలుగు ఒకటి తేడాతో వెళ్ళరాదని చెప్పింది. విచారణలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్‌ను, వ్యక్తిగత కక్షతో ఒక పోలీసు అధికారి మనిషిని చంపినా దిక్కు లేదా అని అడిగితే, మా వాదన ప్రకారం అత్యవసర పరిస్థితి ఉన్నంత కాలం లేదన్న అర్థంలోనే జవాబు వచ్చింది. గడీ ముందు చెప్పులు చేతబట్టుకున్న మనిషి స్థితికి దేశమంతా చేరిన క్షణమది. విభేదించిన ఖన్నాను దాటవేసి 1977 జనవరిలో ఆయనకంటే జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆయన రాజీనామా చేశారు. 1978 నాటి 44వ సవరణ తరువాత అత్యవసర పరిస్థితిలో కూడా నేరారోపణ ఎదుర్కొనేవారికి రక్షణనూ, ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణనూ ఇచ్చే 20, 21 అధికరణాల అమలును నిలిపివేయడానికి వీలులేదు.

వలస పాలనకు సేవ చేసిన మిల్ దగ్గర మనం స్వేచ్ఛ గురించి నేర్చుకోవాలా?

ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగి. 1859లో స్వేచ్ఛ గురించి రాసిన ప్రసిద్ధ గ్రంథం ఆరంభంలోనే, వెనుకబడిన సమాజాలకు తన సూత్రం వర్తించదనీ, అదృష్టముండి అక్బర్ వంటి పాలకుడు దొరికితే లోబడి ఉండడమే వాళ్ళకు గతి అనీ అన్నాడు. ఇది కప్పిపుచ్చవలసిన సంగతి కాదు. అదే మిల్‌ను అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఉటంకిస్తూ, ఎంత గొప్పవాడి పాదాల దగ్గరైనా పౌరులు తమ స్వేచ్ఛలను సమర్పించరాదని మన ప్రతినిధులను హెచ్చరించాడు. వర్తించదని మిల్ చెప్పిన మనుషుల చేతిలోకి ఆయన మాట అలా వచ్చింది. తీసుకున్నవాడు దాన్ని ఎలా వాడాడో చూసి నేర్చుకోవచ్చు.

రాజ్యాంగ పీఠికలో స్వేచ్ఛ కంటే ముందు న్యాయం ఎందుకుంది?

పీఠికలో మొదట సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయం, తరువాత స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం వస్తాయి. రాల్స్ పెట్టిన వరుసకు ఇది తలకిందులు కదా అని విద్యార్థులు అడుగుతారు. పీఠికలోది ప్రాధాన్యాల పట్టిక కాదు గనుక వైరుధ్యం లేదు. అయినా ఆ వరుస వెనుక ఒక అనుభవం ఉంది. పైన చెప్పిన ప్రసంగంలోనే అంబేడ్కర్, జనవరి 26న మనం వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నామని, రాజకీయాల్లో సమానత్వమూ సామాజిక ఆర్థిక జీవితంలో అసమానతా ఉంటాయని అన్నాడు. ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒక విలువ అన్న సూత్రాన్ని రాజకీయాల్లో ఒప్పుకుని, బతుకులో ఒక మనిషికి ఒకే విలువ అన్నదాన్ని నిరాకరిస్తూ పోతే, ఎంతకాలం ఈ వైరుధ్యంతో నెట్టుకొస్తామని ఆ రోజు సభను అడిగాడు.

మొదట ఏమి చదవాలి?

ఆ ప్రసంగంతో మొదలుపెట్టండి. ఒక పూటలో అయిపోతుంది. తరువాత ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు రాసిన భాగం చదవండి, అది ఇంకా చిన్నది. బెర్లిన్‌నూ రాల్స్‌నూ ఆ తరువాత తెరిస్తే వాళ్ళు ఎవరితో, దేని గురించి వాదిస్తున్నారో త్వరగా పట్టుబడుతుంది.